తెలిసి వేసిన పందెము



2025వ సంవత్సరము మార్చి నెలలో ఒక సాయంకాలము మా సంఘమునకు చెందిన యౌవనుడొకడు నా యింటి అరుగుమీదికి వచ్చి కూర్చుండెను. మాది నెల్లూరు సముద్రతీరమందలి ఒక పల్లె. అతని తండ్రి పడవమీద వేటకు పోవును. తల్లి చేపల గంప నెత్తిన పెట్టుకొని ఊరూర తిరిగి అమ్మును. అతడు ఇంటరు వరకు చదివి, రొయ్యల గుంటలవద్ద మేత లెక్కలు వ్రాయుచుండెను. మందిరమునకు తప్పక వచ్చువాడు, లెక్కలలో దిట్ట. ఆనాడు అతని చేతిలో ఒక నోటుపుస్తకముండెను.

ఆ పుస్తకము నిండ గుఱ్ఱముల పేర్లు! అవి మన దేశపు గుఱ్ఱములు కావు. ఇంగ్లాండులో చెల్టెన్‌హాము అను ఊరియందు చాంపియన్ హర్డిల్ అను గొప్ప పందెము 1927లో ప్రారంభమైనది. రెండు మైళ్లకు కొంచెము పైబడిన దూరము. త్రోవలో ఎనిమిది దడులు. మనము గొఱ్ఱెల దొడ్డికి కట్టు దడివంటిదే ఆ హర్డిలు. మూడున్నర అడుగుల ఎత్తుకు తక్కువ యుండదు. గుఱ్ఱము పరుగు తగ్గింపకయే దానిని దూకవలెను. ఏ గుఱ్ఱము క్రిందటి పందెములలో ఎన్నవదిగా వచ్చినది, ఎక్కడ పడినది, తడి నేలమీద బాగుగా పరుగెత్తునా, గట్టి నేలమీదనా, దడిని తగుమాత్రము ఎత్తున దాటునా, మిక్కిలి పైకెగిరి కాలము పోగొట్టుకొనునా, దానిమీద కూర్చుండు జాకీ ఎవరు — ఇవన్నియు అతడు గళ్లు గీసి వ్రాసియుండెను. చూడగా నాకే ఆశ్చర్యము కలిగినది.

అతడు నాతో ఇట్లనెను: "అయ్యగారూ, ఇది కళ్లు మూసుకోని ఏసే మూడుముక్కలాట గాదు. నెల రోజులుగా ఒక్కో గుర్రాన్ని తూకమేసి చూశాను. చదివి, లెక్క కట్టి ఏస్తే అది జూదమెట్టవుద్ది? గుర్రప్పందెం నైపుణ్యమని సుప్రీంకోర్టే చెప్పింది గదయ్యా!"

నేనేమి చేసితిని? "నాయనా, పందెము పాపము. ఆ పుస్తకము పొయ్యిలో వేసి ప్రార్థన చేసికొనుము" అని చెప్పి, కూటమునకు వేళయైనదని లేచితిని. అతడు పుస్తకము మూసికొని వెళ్లిపోయెను. అడిగినవాడు దొంగ మాటలాడలేదు. నిజముగా తెలిసికొనగోరి వచ్చినవానికి నేను ఒక్క ముక్కతో తలుపు వేసితిని. ఆ రోజున అతనికి చెప్పవలసియుండిన జవాబును ఇప్పుడు మీకు వ్రాయుచున్నాను. మీ ఇండ్లలోను ఇట్టి పిల్లలున్నారు.

మొదట అతని మాటలో ఎంత సత్యమున్నదో ఒప్పుకొందము. మన ఆంధ్ర రాష్ట్రమునుండి పోయిన ఒక వ్యాజ్యెములో 1967లో సుప్రీంకోర్టువారు, రమ్మీ ఆటలో పడిన ముక్కలను జ్ఞాపకముంచుకొని, దేనిని ఉంచవలెనో దేనిని విడువవలెనో యోచింపవలసియున్నది గనుక అది కేవలము అదృష్టపు ఆట కాదనిరి. 1974లో తమిళనాడు ప్రభుత్వము గుఱ్ఱపు పందెములను మాన్పుటకు చట్టము చేయగా, గిండీ మైదానమున పందెములు నడుపు రేసు క్లబ్బువారు దానిని ఎదిరించి న్యాయస్థానమున కెక్కిరి. మన నెల్లూరు జిల్లా 1953 వరకు మద్రాసు రాష్ట్రములోనిదే గనుక ఆ గిండీ కథలు మన పెద్దలకు క్రొత్తవి కావు. ఆ వ్యాజ్యెము 1996 జనవరిలో తేలినది. గుఱ్ఱపు పుట్టుక, దాని శిక్షణ, జాకీ నేర్పు, మోయు బరువు, పరుగెత్తు దూరము ఇవన్నియు తెలిసి యెంచవలసియుండుటచేత గుఱ్ఱపు పందెము ప్రధానముగా నైపుణ్యముమీద ఆధారపడునని తీర్పు వచ్చెను. మన యౌవనుడు చెప్పినది ఈ తీర్పునే.

తరువాత కాలము మారినది. పందెము మైదానము విడిచి చేతిలోని ఫోనులోనికి వచ్చెను. 2020లో మన రాష్ట్రము ఆన్‌లైను జూదమును నిషేధించెను. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టమైతే, నైపుణ్యమైనను సరే అదృష్టమైనను సరే, ధనము ఒడ్డి ఆడు ఆన్‌లైను ఆటలు కూడవనెను. కాబట్టి అతడు తలపెట్టినది ఆ మార్చి నెలకే మన రాష్ట్రమున చట్టవిరుద్ధము. అయినను చట్టము పేరు చెప్పి నేను ఊరకుండజాలను. ఒక ఏడు చేసిన చట్టమును మరియొక ఏడు మార్చవచ్చును. మన మనస్సాక్షిని అడుగు ప్రశ్న వేరు.

ఇక ఆ పందెము మాట వినుడి. మార్చి 11వ తేది, మనకు రాత్రి వేళ, అది జరిగెను. కాన్‌స్టిట్యూషన్ హిల్ అను గుఱ్ఱము అంతవరకు పరుగెత్తిన పది పందెములలో పదింటిని గెలిచినది. 2023లో అదే చాంపియన్ హర్డిల్ గెలిచినది. లోకమంతయు దానినే నమ్మెను. మన యౌవనుని లెక్కయు అదే చెప్పెను. అయిదవ దడివద్ద అది పడిపోయెను! అప్పుడు 2024లో గెలిచిన స్టేట్ మాన్ అను గుఱ్ఱము అందరికంటె ముందు వచ్చుచు, గెలిచినట్టే యని అందరు అనుకొనుచుండగా, ఆఖరి దడివద్ద అదియు పడెను. ఒకటికి ఇరువదియైదు వంతుల చొప్పున పందెము పలికిన గోల్డెన్ ఏస్ అను ఆడ గుఱ్ఱము గెలిచెను. పరుగులో వేగము గలవారే గెలుతురని లేదనియు, కాలవశమున అందరికి అనుకొననివి సంభవించుననియు ప్రసంగి తన తొమ్మిదవ అధ్యాయములో వ్రాసిన సంగతి మీరెరుగుదురు.

అతడు చెన్నపట్టణములో పనిచేయు స్నేహితుని ద్వారా పందెము వేసియుండెను. ఏ సొమ్ము? ఏటేట ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు మన సముద్రములో మోటారు పడవల వేట నిషేధము గదా. ఆ 61 దినములు ఇల్లు గడుపుకొనుటకు తల్లి గంప అమ్మి కూడబెట్టి, బ్యాంకులో వేసి రమ్మని కొడుకు చేతికిచ్చిన నలుబది వేల రూపాయలు.

"చూచితిరా, పందెము వేసినవాడు చెడెను" అని మీరందురేమో. సహోదరులారా, నా మాట అది కాదు. ఓడినందుచేత అది తప్పైనయెడల, గెలిచియుండినచో ఒప్పగునా? ఆ గుఱ్ఱము అయిదవ దడిని చక్కగా దాటి, ఆ సొమ్మునకు మరికొంత చేరియుండినచో, అతడు దశమభాగము తెచ్చి కానుకపెట్టెలో వేసియుండునేమో! అప్పుడు నేనేమి చెప్పుదును? ఓడినవానికి బుద్ధి చెప్పుట సులభము. గెలిచినవానికి చెప్పగల మాట మనయొద్ద ఉన్నదా?

దీని జవాబుకొరకు న్యాయాధిపతుల గ్రంథము 14వ అధ్యాయము తెరువుడి. పరిశుద్ధ గ్రంథములో తేటగా చెప్పబడిన పందెము అక్కడ నొకటి యున్నది. సమ్సోను పెండ్లి విందు. అతని చుట్టు ముప్పదిమంది చెలికాండ్రు. అతడు విప్పుకథ యొకటి వేసి, ముప్పది సన్నపు నార బట్టలు, ముప్పది దుస్తులు ఒడ్డెను. అది గుడ్డి పందెము కాదు. సింహపు కళేబరములో తేనె దొరికిన సంగతి అతడొక్కడే యెరుగును. ఎదుటివారికి తెలియనిది తనకు తెలియుననియే అతడు పందెమునకు దిగెను. అటుపిమ్మట ఏమి జరిగినది? ఆ చెలికాండ్రు పెండ్లికూతురిని, నిన్ను నీ తండ్రి ఇంటిని కాల్చివేయుదుమని బెదరించిరి. ఆమె ఏడ్చి ఏడ్చి గుట్టు రాబట్టి వారికి చెప్పెను. సమ్సోను ఓడెను. ఓడిన బట్టలు ఎక్కడనుండి తెచ్చెను? అష్కెలోనునకు పోయి, ఆ విందులో కూర్చుండని, ఆ విప్పుకథ విననైన వినని ముప్పదిమందిని చంపి, వారి బట్టలు ఒలిచి తెచ్చి చెల్లించెను! తరువాతి అధ్యాయములో ఆ పెండ్లికూతురును ఆమె తండ్రియు నిజముగానే అగ్నిపాలైరి. పందెము వేసినవారు కొందరు, చెల్లించినవారు వేరు. పందెపు సంగతి ఎప్పుడును ఇంతే. మా పల్లెలో ఆ తల్లికి చెల్టెన్‌హాము ఎక్కడున్నదో తెలియదు. అయినను చెల్లించినది ఆమెయే.

మన దేశపు కథలోను శకుని పాచికలు తెలియనివాడు కాడు. అతని నేర్పే సభనంతటిని కాల్చినది.

ఇక నా సంగతి ఒకటి చెప్పెదను. దీనిని నేను ప్రసంగపీఠమునుండి ఎన్నడును చెప్పలేదు. నాకు పదునారేండ్లప్పుడు మా ప్రాంతమున తిరునాళ్లలో ఎద్దుల బండలాగుడు పోటీలు జరిగెను. మన ఒంగోలు జాతి ఎద్దులు లోకప్రసిద్ధి గలవి. బ్రెజిలు దేశమువారు ఈ జాతి పశువులను కొనిపోయి పెంచి, మన ఊరి పేరుతో నెలోర్ అనియే పిలుచుచున్నారు. పోటీకి వచ్చిన జతలలో ఒకటి ముందు రాత్రి మా పశువుల పాకలో కట్టబడియుండెను. అందరు ఆ జతయే గెలుచునని చెప్పుకొనుచుండిరి. నేను మేత వేయబోయి, దాపలి ఎద్దు ముందరి కాలు ఒకటి ఆనించక నిలుచుట చూచితిని. గిట్టలో పుండు. ఎవరితోను చెప్పలేదు. తెల్లవారి, బండి తోలుకొని బ్రతుకు ఒక పెద్దమనిషి ఆ జతను పొగడుచుండగా, ఇరువది రూపాయలు పందెమంటిని. ఆయన నవ్వి ఒప్పుకొనెను. ఎద్దు సగములో నిలిచిపోయెను. ఆయన పంచె రొంటిన ముడి విప్పి, చిల్లర లెక్కపెట్టి, నా చేతిలో పోసి, "ఎట్టా కనిపెట్టావు అబ్బయ్యా?" అని మెచ్చుకొనెను. నేను జవాబు చెప్పలేదు.

ఆ పందెములో అదృష్టమేమియు లేదు. అంతయు నా తెలివియే. నాకు ఇన్నేండ్లు ముల్లువలె గ్రుచ్చుకొనుచున్నది ఆ తెలివియే. గ్రుడ్డిగా వేసి గెలిచియుండినచో, ఇద్దరము సమానముగా చీకటిలో ఉంటిమి అని సరిపెట్టుకొనియుందును. ఆయన చీకటిలో ఉన్నాడని ఎరిగి, నేను వెలుతురులో నిలిచి, ఆయన సొమ్ము తీసికొంటిని. పైగా కుంటుచున్న ఆ మూగ పశువు బండ లాగలేక పడవలెనని నా మనస్సులో కోరుకొంటిని. నైపుణ్యము నా పందెమును కడిగి శుద్ధి చేయలేదు. మరింత మురికి చేసెను.

గుఱ్ఱపు పందెపు సొమ్ము తిరుగు విధమును చూడుడి. పందెగాండ్రందరి ధనమును ఒక్క కుండలో పోసినట్లు చేర్తురు. అందులో క్లబ్బువారి భాగము, ప్రభుత్వపు పన్ను తీసివేసి, మిగిలినది గెలిచిన గుఱ్ఱముమీద వేసినవారికి పంచుదురు. బుకీ యొద్ద వేసినను పేరు మారును గాని సంగతి మారదు. జాకీ కూలి, గుఱ్ఱమును తోము పనివాని జీతము వేరు. వారు చెమటోడ్చి సంపాదింతురు. పందెగాని కుండలో మాత్రము క్రొత్తగా ఒక్క రూపాయియు పుట్టదు. నాకు వచ్చిన ప్రతి రూపాయియు నాకంటె తక్కువ తెలిసినవాని రొంటినుండి రావలెను. నేను గుఱ్ఱమును తూచుచున్నానని అనుకొందును గాని, నిజముగా తూచునది నా పొరుగువాని అజ్ఞానమును. "పందెము వేయకుము" అను మాట పది ఆజ్ఞలలో లేదు, నిజమే. పొరుగువాని సొత్తుమీద ఆశపడరాదని పదియవ ఆజ్ఞ యున్నది. పందెమనగా ఆ ఆశకు లెక్క కట్టుటయే గదా?

ఈ సంగతి పిమ్మట ఆ యౌవనునితో చెప్పినప్పుడు అతడు మంచి ప్రశ్నయే వేసెను. "అయ్యా, మా నాయన సముద్రం మీదికి పోవడం పందెం గాదా? డీజిలు పోసి, ఐసు ఏసుకోని పోతాడు. చేప పడితే పడుద్ది, లేకపోతే లేదు. రొయ్యల గుంట మటుకు? తెగులు తగిలితే ఒక్క వారంలో అంతా పోద్ది." పైరు వేయు రైతును కూడ ఇందులో చేర్చవచ్చును.

నష్టభయము పాపమైనయెడల సముద్రతీరమున పరిశుద్ధుడొక్కడును మిగులడు. రాత్రియంతయు వలలు వేసి ఏమియు దొరకని జాలరులనే ప్రభువు శిష్యులుగా పిలుచుకొనెను. మీ నాయన వల నిండినప్పుడు ఎవరి ఇంట పొయ్యి ఆరును? ఎవరిదియు ఆరదు, పదిమంది ఇండ్లలో పులుసు కాగును. గంప మోయు స్త్రీకి, ఐసు అమ్మువానికి, ఆటో తోలువానికి పని దొరకును. మన తీరము వెంబడి పోవు బకింగ్‌హాము కాలువను చూడుడి. 1876-78 కరవులో ఒంగోలు మిషనరీయైన క్లౌ దొరగారు ఆ కాలువలో మూడున్నర మైళ్ల పని కంట్రాక్టు తీసికొని ఆకలిగొన్నవారికి కూలి కల్పించిరి. మన పితరులు గంపెడు మన్ను మోసి ఆనాటి కూలి తెచ్చుకొని గంజి త్రాగిరి. ఆ కూలి ఎవరి కంటనీరు పిండి తెచ్చినది కాదు. తరువాత ఆ కాలువమీద ఎన్నో ఏండ్లు పడవలు నడిచెను. కష్టములో నష్టభయమున్నను, అందులో ఫలము పుట్టును. పందెములో ఒకడు నవ్వుటకు మరియొకడు ఏడ్చి తీరవలెను.

"మరి బైబిలులో చీట్లు వేసిరి గదా?" అని మీలో కొందరడుగుదురు. యెహోషువ దినములలో దేశమును గోత్రములకు చీట్లువేసి పంచిరి. మత్తీయను అపొస్తలులతో చేర్చుటకును చీట్లు వేసిరి. ఆ చీట్లలో ఎవడును తన సొత్తు ఒడ్డలేదు, ఎవడును పొరుగువానిది గెలుచుకొనలేదు. తగవులేక పంచుకొనుటకును, దేవుని చిత్తమునకు లోబడుటకును వేసిన చీట్లవి. మరియొక చోటను చీట్లు వేసిరి. సిలువక్రింద నలుగురు సైనికులు, కుట్టులేని ఒక అంగీకొరకు. ఆ అంగీ ఎవరిదో ఆయన వారి తలలమీదనే వ్రేలాడుచుండెను. వారు పైకి చూడలేదు. ఎవరికి వచ్చునా అని చీట్లనే చూచుచుండిరి. పందెములో ఒడ్డబడిన సొమ్ము ఎవరిదో వారివైపు చూడకుండుటయే పందెగాని అలవాటు. ఆ తల్లి గంపవైపు చూచియుండినచో ఆ కొడుకు వ్రేలు ఫోనుమీద ఆడియుండునా?

నేను ఈ మాటలను ఏప్రిల్ 18, మంచి శుక్రవారమునాడు మందిరములో చెప్పితిని. వేట నిషేధము వచ్చి నాలుగవ దినమది. అతడు వెనుక వరుసలో కూర్చుండెను. ఆరాధన ముగిసి అందరు వెళ్లిన పిమ్మట నాయొద్దకు వచ్చి అంతయు చెప్పెను. అప్పుడే నాకు తెలిసినది. నాకు కోపము రాలేదు, సిగ్గు వచ్చెను. మార్చి నెలలో ఆ అరుగుమీద అరగంట కూర్చుండి అతని పుస్తకము చూచియుండినచో, నా ఎద్దుల కథ చెప్పియుండినచో, ఏమై యుండెడిదో దేవునికే తెలియును. ఆ మాట అతనితోనే చెప్పితిని. ఇద్దరము కలిసి అతని ఇంటికి నడిచితిమి. తండ్రి వాకిట కూర్చుండి చినిగిన వల అల్లుచుండెను. కొడుకు నిలుచుండియే చెప్పెను. నేను నా తప్పును చెప్పితిని. తల్లి గోడకు ఆనుకొని కూలబడెను. తండ్రి చాల సేపు వల అల్లుచునే యుండి, తల ఎత్తక, "అన్నం తిన్నావా?" అని కొడుకును అడిగెను.

ఆ అరువది యొక్క దినములు ఆ ఇల్లు సుఖముగా గడిచినదని నేను చెప్పను. అప్పు చేసిరి. అతడు పగలు లెక్కలు వ్రాసి, రాత్రులు గుంటలకు కాపలా కాచెను. ఇప్పుడు అతడు పడవలవారికి డీజిలు, ఐసు, చేపల ధరలు లెక్క కట్టి, ఏ పడవకు ఎంత మిగిలినదో, దళారి ఎక్కడ తగ్గించి ఇచ్చుచున్నాడో చూపుచున్నాడు. తూచు తెలివి దేవుడిచ్చినదే. అది పొరుగువానిని దోచుటకు కాక అతనిని కాచుటకు వచ్చినప్పుడు దానికి తగిన స్థలము దొరకినది.

ఒకనాడు అతడు ఆ నోటుపుస్తకము తెచ్చి నాకొక పుట చూపెను. గుఱ్ఱపు పందెముల కాగితములలో, పడిన గుఱ్ఱమునకు అంకెకు బదులు ఎఫ్ అను అక్షరము వేయుదురట. అనీ పవర్ అను ఆడ గుఱ్ఱము 2015లో అదే చెల్టెన్‌హాములో మరియొక పందెమున, గెలుపు చేతికందునంతలో ఆఖరి దడివద్ద పడెను. దానికి ఆ అక్షరము పడెను. మరుసటి ఏడు 2016లో చాంపియన్ హర్డిల్ గెలిచినది అదే గుఱ్ఱము. "అయ్యా, ఆ అక్షరం మటుకు పోలేదు, కాయితంలో అట్టనే ఉండాది" అని అతడనెను. మన ప్రభువు పేతురు పడుటకు ముందే ఎరిగి, పడిన పిమ్మట సముద్రపు ఒడ్డున నిప్పులు పేర్చి, చేప కాల్చి, అతనిని భోజనమునకు పిలిచెను. తన గొఱ్ఱెలను అతనికే అప్పగించెను. పందెగాడు పడినవానిని లెక్కనుండి కొట్టివేయును. ప్రభువు అట్లు చేయడు.

ప్రియులారా, సంక్రాంతి కోళ్లమీదనో, బండలాగుడు ఎద్దులమీదనో, ఫోనులో క్రికెటు మీదనో పందెము వేయుటకు మీ చెయ్యి చాచునప్పుడు, "నాకు ఎంత తెలియును?" అని అడుగుకొని ఆగకుడి. "ఇది వచ్చినచో ఎవరినుండి వచ్చును? పోయినచో ఎవరు చెల్లింతురు?" అని అడుగుకొనుడి. తల్లిదండ్రులారా, పిల్లవాడు పుస్తకము పట్టుకొని ప్రశ్న అడుగ వచ్చినప్పుడు, నావలె కూటమునకు వేళయైనదని లేవకుడి. కూర్చుండుడి, ఆ పుస్తకము తెరచి చూడుడి.

మన యెదుట ఉంచబడిన పరుగును మనము ఓపికతో పరుగెత్తుటకును, ప్రక్కన పరుగెత్తువాడు పడినప్పుడు చెయ్యి చాచి లేపుటకును ప్రభువు మనకు కృప ననుగ్రహించును గాక. ఆమేన్.